పూచీ

బొబ్బిలి గ్రోత్ సెంటర్లో
మూడో వీధి చివర రేకుల షెడ్డు మాది.
అటుపక్క ఫెర్రో ఫ్యాక్టరీ నుసి.
ఇటుపక్క మేం పన్నెండు మందిమి
డెన్మార్కు ఆవులకి గంటలు కడతాం.

గంటంటే మోగేది కాదు.
బెల్టులో అగ్గిపెట్టంత డబ్బా, డబ్బాలో రేడియో.
ఆవు నెమరు మానేసినా, కుంటినా, ఎదకొచ్చినా
పాక గోడకి గాల్లోంచి కబురు పెడుతుంది.

పనిలో చేరిన రోజున అసిరమ్మ అడిగింది:
"మన బుడితి గంటకేటి రోగం?
ఇనపడినంత మేరా ఇనపడతాది.
దానికి కాయితం ఎవుడూ అడగనేదు."

దీనికి అడుగుతారు.
యూరప్ వాళ్ల నిబంధనల పుస్తకం
ఆర్నెల్లుగా నా బల్ల మీద తెరిచే ఉంది.
మూడో నిబంధన మీద టీ గ్లాసు మరక గుండ్రంగా ఎండిపోయింది.
ఆ గుండ్రంలో ఉన్న మాట, నాకర్థమైనంతలో:
నీకిచ్చిన చోటులోనే పలుకు,
పక్కవాడి చోటులోకి పొర్లకు.

గట్టు జానెడు జరిగిందని
పదకొండేళ్లు కోర్టు మెట్లెక్కినవాడు మా నాన్న, మజ్జి ఎర్రయ్య.
గాలికీ గట్లుంటాయని చెబితే నవ్వలేదు.
"కొలిసినోడెవుడు?" అన్నాడు.

కొలిచింది బెంగుళూరు లేబ్.
గోడలనిండా నురగ ముళ్లున్న గది,
తిరిగే బల్ల మీద ఒక్కర్తీ మా డబ్బా,
పెళ్లిచూపుల్లో కూడా అన్ని వైపుల నుంచీ చూడరు అలా.
ఎనిమిది వందల అరవై ఎనిమిది దగ్గర
బుద్ధిగా పలికింది.
సరిగ్గా దానికి రెట్టింపు దగ్గర,
ఎవరూ పిలవని చోట,
గొణిగింది.

మూడు డెసిబెల్స్ ఎక్కువ. ఎర్ర గడిలో ఫెయిల్.

"మూడే కదమ్మా, ఎవుడికినపడుద్ది?"
ఓనరు గారు ఫోన్లో.
నిజమే. ఎవరికీ వినపడదు.
మేం చేసేదంతా ఎవరికీ వినపడనిదే.

అసిరమ్మ డబ్బా విప్పింది.
రేడియో మీది రేకు మూతని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టి
ఒక కన్ను మూసి చూసింది.
మూలన వెంట్రుకంత వెలుతురు.

"ఎనిమిది సోట్ల అతకాలని ముందర నువ్వే సెప్పినావు.
ఫాల్గుణంలో నువ్వే అయిదు సాలన్నావు,
బేగి అవుద్దని."

గొంతులో కోపం లేదు.
ఉంటే బాగుండేది.

నాలుగు వందల డబ్బాలు మళ్లీ విప్పాం.
ఎనిమిది చోట్లా అతికాం.
రెండు వారాలు అన్నంలో కూడా సోల్డరు పొగ వాసనే.
గొణుగుడు ఆగిపోయింది.

ఇవాళ ప్రకటన పత్రం మీద సంతకం.
తయారీదారు ఒక్కరి పూచీ మీదే, అని రాసుంది అందులో.
లేబ్‌ది కాదట, రేకు అమ్మినవాడిది కాదట.
కాగితం పదేళ్లు దాచాలట. అప్పటికి ఈ ఆవులు ఉంటాయా?
మానాపురం సంతలో మా నాన్న
తువ్వాలు కింద వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు;
కుదిరినా చెడినా ఆ రెండు చేతులకే తెలిసేది.
నా చేతి మీద తువ్వాలు లేదు.
పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.

డబ్బా వెనక రెండక్షరాలు,
ఎత్తు అయిదు మిల్లీమీటర్లకి తగ్గకుండా.
కింద మా కంపెనీ పేరు, ఉత్తరం చేరే చిరునామా.
ఎక్కడో చలిలో, ఒక ఆవు మెడ కింద,
చదివేవాళ్లు లేని బొబ్బిలి
మేస్తూ తిరుగుతుంది.

"నా పేరు పట్టదేటి?" అంది అసిరమ్మ.
చోటు చాలదన్నాను.

అప్పట్నించీ ఎనిమిదో అతుకు మాత్రం
కొంచెం లావుగా పెడుతోంది,
మిరియపు గింజంత, మెరుస్తూ,
మూత లోపల.
దానికి అభ్యంతరం ఏ నిబంధనలోనూ లేదు.
మొత్తం వెతికాను.